బల్దియా బండ్ల లెక్క: ‘మంచి కొలెస్ట్రాల్’కి ఆ పేరెలా వచ్చింది, ఎందుకు సరిపోలేదు



గల్ఫ్‌లో పనిచేసే మనందరి సూట్‌కేసులో ఒక కాగితం ఉంటుంది. కంపెనీ మెడికల్ అయ్యాక చేతికిచ్చే రక్త పరీక్ష రిపోర్టు. కొన్ని అంకెల పక్కన బాణం గుర్తు ఉంటుంది, కొన్నిటి పక్కన ఎర్ర అక్షరం ఉంటుంది. గుండె జబ్బుల మీద మనం చేసిన ఎపిసోడ్ తర్వాత వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో సగానికి పైగా ఆ కాగితంలోని ఒక్క లైను గురించే. దాని పేరు హెచ్‌డీఎల్. ఒక తమ్ముడు “అన్నా, నాకు మంచి కొలెస్ట్రాల్ తక్కువున్నదంట, పెరగాలంటే ఏం తినాలె?” అని అడిగాడు. ఇంకో అన్న “నాకు మంచిది డెబ్బై ఉందండీ, సిగరెట్ తాగినా గుండెకి ఢోకా లేదు కదా” అన్నాడు. మూడో ఆయన క్యాంపు బయట అమ్మే ‘మంచి కొలెస్ట్రాల్ పెంచే’ క్యాప్సూల్స్ డబ్బా ఫొటో పంపి, కొనమంటారా అని అడిగాడు.

నేను డాక్టర్‌ని కాదు. ఏసీ డక్టింగ్ పని చేసుకుంటూ, సెలవు రోజు చదివింది మీకు చెప్పే మనిషిని. అందుకని మందు చెప్పను, చరిత్ర చెప్తాను. ఎందుకంటే ఈ మూడు ప్రశ్నలూ ఒకే మాట మీద నిలబడ్డాయి: ‘మంచి’. ఆ మాట ఆ కొలెస్ట్రాల్‌కి ఎవరు తగిలించారు, దేన్ని చూసి తగిలించారు, తర్వాత ఏమైంది అన్నది తెలిస్తే మూడు జవాబులూ అందులోనే దొరుకుతాయి. ఆడియోలో తొందరగా దాటేసిన చోట్లు ఇక్కడ కొంచెం నిదానంగా రాశాను.

కథ మొదలైంది బయటికి పోయే దారి దగ్గర

కొలెస్ట్రాల్ మొదట రక్తంలో దొరకలేదు. పిత్తాశయంలో రాళ్లు అంటాం కదా, ఆపరేషన్ చేసి తీస్తారు, ఆ రాళ్లలో దొరికింది. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పూలెతియే ద లా సాల్ అనే ఆయన ఆ రాళ్లలోంచి మైనం లాంటి తెల్లటి పదార్థం తీశాడు. 1815 ప్రాంతంలో ఆ దేశపు రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రూల్ దానికి ‘కొలెస్టరీన్’ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘కోలే’ అంటే పైత్యరసం, ‘స్టెరెయోస్’ అంటే గట్టిగా ఉండేది. పైత్యంలోని గట్టి పదార్థం అని అర్థం.

కొలెస్ట్రాల్ మన ఒంట్లోంచి బయటికి పోయే పెద్ద దారి ఆ పైత్యరసమే. అంటే దొరకడం దొరకడమే అది గేటు దగ్గర దొరికింది. ఒంట్లోని మూలమూలల నుంచి ఆ గేటు దాకా ఏ రోడ్డున వచ్చిందో కనుక్కోడానికి మాత్రం ఇంకో 150 ఏళ్లు పట్టింది.

ముందు ఒక సంగతి చెప్పాలి. కొలెస్ట్రాల్ విషం కాదు. ఒంట్లో ప్రతి కణం గోడకీ అది కావాలి. విటమిన్ డీ దాన్నుంచే తయారవుతుంది, కొన్ని హార్మోన్లూ అంతే. చిక్కంతా ఒక్క దగ్గరే ఉంది. కణం చక్కెరని కాల్చుకోగలదు, మామూలు కొవ్వునీ కాల్చుకోగలదు. కొలెస్ట్రాల్‌ని మాత్రం కాల్చుకోలేదు. ఎక్కువైతే దాచుకోవాలి, లేదా బయటికి పంపాలి. దాన్ని పెద్ద ఎత్తున మార్చి వదిలించుకునే శక్తి కాలేయానికే ఉంది. మరి కాలి బొటనవేలి దగ్గర ఉన్న కణంలో ఎక్కువైన కొలెస్ట్రాల్ కాలేయం దాకా ఎలా రావాలి? అది నూనె లాంటిది, రక్తం నీళ్ల లాంటిది. రెండూ కలవవు. బండి లేనిదే కదలదు.

కుందేళ్లు, గుర్రం, గిరగిరా తిరిగే యంత్రం

1913లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్‌కోవ్, సెమ్యోన్ ఖలాతోవ్ అనే ఇద్దరు యువకులు శుద్ధి చేసిన కొలెస్ట్రాల్‌ని పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్లకి పెట్టారు. వాటి రక్తనాళాల గోడల్లో మనుషులకి వచ్చేలాంటి మచ్చలే వచ్చాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ మచ్చల నిండా సబ్బు నురగలా ఉబ్బిన కణాలు. అవి చెత్త మింగే తెల్ల రక్తకణాల జాతివి. కొలెస్ట్రాల్ మింగీ మింగీ, బయటికి పంపలేక నురగలా అయిపోయినవి.

పైపుల పని చేసేవాళ్లకి ఇక్కడ ఒక మాట. రక్తనాళం మూసుకుపోవడం అంటే పైపు లోపల మడ్డి పేరుకోవడం అనుకుంటాం. నిజానికి అది పైపు గోడ లోపల జరుగుతుంది. గోడలో చెమ్మ పట్టి ప్లాస్టరింగ్ ఉబ్బినట్టు. ఉబ్బిన చోటు ఏదో ఒక రోజు పగిలి, దాని మీద రక్తం గడ్డకడితే అదే గుండెపోటు. అందుకే నిన్నటిదాకా బస్తాలు మోసిన మనిషి పొద్దున్నే కూలిపోతాడు.

ఇక బండి దొరికింది ప్యారిస్‌లో. 1929లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మిషెల్ మాష్‌బఫ్ గుర్రం రక్తం మీద పనిచేస్తూ ఒక వింత పదార్థం విడదీశాడు. అందులో కొవ్వు బాగా ఉంది, కానీ నీళ్లలో వేస్తే తేటగా కరిగిపోతోంది. కొవ్వు చుట్టూ ప్రోటీన్ ఉండి దాన్ని మోస్తోందన్నమాట. కొవ్వుని మోసే ప్రోటీన్ కాబట్టి లైపోప్రోటీన్. ఆయన విడదీసిందే మన రిపోర్టులో ఇవాళ హెచ్‌డీఎల్ అని రాసేది.

1940ల చివర అమెరికాలోని బర్కిలీలో జాన్ గాఫ్‌మన్ ఈ బండ్లని రకాలుగా విడదీశాడు. అంతకుముందు అణుబాంబు ప్రాజెక్టులో ప్లుటోనియం మీద పనిచేసిన మనిషి ఆయన. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో రక్తం మీది తేటని నిమిషానికి వేలకు వేల చుట్లు తిప్పాడు. చల్ల చిలికితే వెన్న పైకి తేలుతుంది కదా, అదే సూత్రం. కొవ్వు ఎక్కువ, ప్రోటీన్ తక్కువ ఉన్న రేణువులు పైకి తేలాయి. ప్రోటీన్ ఎక్కువున్న చిన్న రేణువులు అడుగుకి దిగాయి. తేలికవి ఎల్‌డీఎల్, అంటే తక్కువ సాంద్రత లైపోప్రోటీన్. బరువువి హెచ్‌డీఎల్, ఎక్కువ సాంద్రతవి. పేర్లు తూకాన్ని బట్టి వచ్చాయి. మంచి, చెడు అన్న మాట ఇంకా ఎవరూ అనలేదు.

1951లో న్యూయార్క్‌లో డేవిడ్ బార్, ఎల్లా రస్, హోవర్డ్ ఈడర్ అనే ముగ్గురు ఇంకో సంగతి రాశారు. గుండె జబ్బు ఉన్నవాళ్లలో ఈ బరువు రకం తక్కువగా ఉంటోంది. ఆడవాళ్లలో మగవాళ్ల కన్నా ఎక్కువ ఉంటోంది. చాలా పెద్ద మాట అది. కానీ అందరి చూపూ మొత్తం కొలెస్ట్రాల్ మీదే ఉండటంతో పాతికేళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

నారింజ రంగు టాన్సిల్స్

అమెరికాలో వర్జీనియా తీరం దగ్గర చెసాపీక్ అఖాతంలో టాంజియర్ అని చిన్న దీవి ఉంది. పీతలు, ఆల్చిప్పలు పట్టి బతికే ఊరు. కొన్నే కుటుంబాలు, తరతరాలుగా వాళ్లలో వాళ్లే సంబంధాలు. 1960లో అక్కడి ఐదేళ్ల పిల్లాడి గొంతులో టాన్సిల్స్ బాగా వాచి, నారింజ పసుపు రంగులో కనిపించాయి. డాక్టర్లు ఎప్పుడూ చూడని రంగు. వాషింగ్టన్ దగ్గరి జాతీయ ఆరోగ్య సంస్థలో డొనాల్డ్ ఫ్రెడ్రిక్‌సన్ పరీక్షించి చూస్తే, టాన్సిల్స్ నిండా కొలెస్ట్రాల్. రక్తంలో హెచ్‌డీఎల్ దాదాపు సున్నా. వాళ్ల అక్కకీ అంతే. ఆ జబ్బుకి టాంజియర్ జబ్బు అని దీవి పేరే పెట్టారు.

చెత్త బండి రాని వీధిలో ఏమవుతుందో ఆ పిల్లాడి గొంతు చూపించింది. చెత్త ఇంటి ముందే పోగుపడింది. అంటే హెచ్‌డీఎల్ అనే బండి కణాల దగ్గరి నుంచి కొలెస్ట్రాల్‌ని ఎత్తుకుపోయే బండి అని అనుమానం మొదలైంది.

ఇక్కడే ఒక చిన్న ముడి కూడా ఉంది, గుర్తుపెట్టుకోండి. హెచ్‌డీఎల్ దాదాపు లేని ఈ రోగులందరికీ చిన్నతనంలోనే గుండెపోట్లు రావాలి. కొందరికి వచ్చాయి, కానీ అనుకున్నంత మందికి రాలేదు. వాళ్లలో ఎల్‌డీఎల్ కూడా తక్కువగా ఉండటం దానికి ఒక కారణం. ఆ రోజుల్లో ఈ ముడిని ఎవరూ పెద్దగా విప్పలేదు.

బండి నడిచే రూటు

రూటు మ్యాపు గీసినాయన జాన్ గ్లామ్‌సెట్. సియాటిల్‌లో పనిచేసేవాడు. 1962లో రక్తంలో ఎల్‌క్యాట్ అనే ఎంజైమ్‌ని గుర్తించాడు. 1967లో నార్వేలో కారే నోరుమ్, ఎగిల్ యోనె అనే డాక్టర్లు ఆ ఎంజైమ్ లేని ఒక మహిళను కనుగొన్నారు. ఆమె కళ్ల మీద మసక, రక్తహీనత, మూత్రంలో ప్రోటీన్. 1968లో గ్లామ్‌సెట్ ముక్కలన్నీ కలిపి చెప్పాడు: కణాల నుంచి కాలేయానికి కొలెస్ట్రాల్ వెనక్కి పోయే దారి ఒకటి ఉంది, హెచ్‌డీఎల్, ఎల్‌క్యాట్ కలిసి ఆ దారి నడుపుతున్నాయి. శాస్త్రంలో దీన్ని ‘కొలెస్ట్రాల్ తిరుగు రవాణా’ అంటారు.

ఇది ఎలా నడుస్తుందో మన భాషలో చెప్తాను. హైదరాబాద్‌లో మున్సిపాలిటీని బల్దియా అంటాం. ఇక్కడ అరబ్బులూ బలదియా అనే అంటారు, ఎందుకంటే మాట వాళ్లదే. హెచ్‌డీఎల్ అంటే బల్దియా చెత్త బండి. ఎల్‌డీఎల్ అంటే ఇంటింటికీ సరుకు దించే డెలివరీ వ్యాను. రెండిట్లో ఉండేది ఒకే కొలెస్ట్రాల్. మంచి కొలెస్ట్రాల్, చెడు కొలెస్ట్రాల్ అని రెండు పదార్థాలు లేవు. తేడా అంతా బండిలోనే.

మొదట బండి. కాలేయం, పేగు కలిసి అపో ఏ-వన్ అనే ప్రోటీన్ తయారుచేస్తాయి. అది ఖాళీ చాసిస్ లాంటిది. అది రక్తంలో, కణాల మధ్య సందుల్లో తిరుగుతుంది. కణం గోడలో ఒక తలుపు ఉంటుంది, పేరు ఏబీసీఏ1. కణం తన శక్తి ఖర్చుపెట్టి ఆ తలుపు గుండా కొలెస్ట్రాల్‌ని బయటికి నెట్టి చాసిస్ మీదికి ఎక్కిస్తుంది. ఈ తలుపుని కనిపెట్టింది 1999లో. మూడు బృందాలు ఒకే నెలలో ప్రకటించాయి. టాంజియర్ రోగుల్లో పాడైంది ఆ తలుపే అని అప్పుడు తేలింది. చెత్త బండ్ల లోటు కన్నా ముందు, ఇంటి తలుపే తెరుచుకోలేదన్నమాట. సరుకు ఎక్కని ఖాళీ చాసిస్‌ని ఒళ్లు తొందరగా తుక్కు చేసేస్తుంది. అందుకే వాళ్ల రక్తంలో హెచ్‌డీఎల్ కనిపించలేదు.

తర్వాత సర్దుడు. సరుకు ఎక్కిన బండి మొదట రొట్టెలా బల్లపరుపుగా ఉంటుంది. అప్పుడు ఎల్‌క్యాట్ వచ్చి ఒక్కో కొలెస్ట్రాల్‌కీ ఒక కొవ్వు ఆమ్లం తగిలిస్తుంది. దాంతో అది నీళ్లని ఇంకా ఎక్కువ తప్పించుకునేదిగా మారి బండి లోపలి కడుపులోకి జారుకుంటుంది. రొట్టె ఉబ్బి బంతి అవుతుంది, పైన మళ్లీ ఖాళీ ఏర్పడుతుంది, ఇంకొంచెం ఎక్కించొచ్చు. చెత్త లారీలో ప్రెస్ పెట్టి అదిమి చోటు చేస్తారు చూడండి, అదే పని.

చివరికి దించడం. కాలేయం గోడ మీద ఎస్‌ఆర్-బీ1 అనే ఇంకో తలుపు ఉంది. 1996లో హెచ్‌డీఎల్‌కి అదే తలుపని తేలింది. అది బండిని మింగకుండా సరుకు మాత్రమే దించుకుంటుంది, బండి మళ్లీ రోడ్డెక్కుతుంది. కాలేయం ఆ కొలెస్ట్రాల్‌ని పైత్యంలోకి పంపుతుంది. పైత్యం పేగులోకి, అక్కడ కొంత మళ్లీ లోపలికి పీల్చుకోబడుతుంది, మిగతాది మలంతో బయటికి.

ఇంకో అడ్డదారి కూడా ఉంది. సీఈటీపీ అనే ప్రోటీన్ దారి మధ్యలోనే చెత్త బండి సరుకుని డెలివరీ వ్యానులోకి మార్చేస్తుంది. ఆ వ్యాను కాలేయానికి చేరితే పని అయినట్టే, చేరక రక్తనాళం గోడలో ఇరుక్కుంటే నష్టం. మనుషుల్లో చాలా సరుకు ఈ అడ్డదారిలోనే పోతుంది. ముందు ముందు ఈ సీఈటీపీయే పెద్ద గొడవ తెచ్చింది.

‘మంచి’ అనే బిరుదు

1975లో జార్జ్ మిల్లర్, నార్మన్ మిల్లర్ అనే ఇద్దరు లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. హెచ్‌డీఎల్ తక్కువైతే రక్తనాళం గోడ నుంచి కొలెస్ట్రాల్ ఎత్తుకుపోయే పని మందగిస్తుంది, అందుకే గుండె జబ్బు వస్తోంది అన్నారు. 1951 నాటి సంగతికీ 1968 నాటి మ్యాపుకీ ముడి వేసింది ఆ వ్యాసం.

రెండేళ్లకి లెక్కలు వచ్చాయి. బోస్టన్ దగ్గర ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 1948 నుంచి 5,209 మందిని డాక్టర్లు వదలకుండా గమనిస్తున్నారు. అందులో 49 నుంచి 82 ఏళ్ల మధ్యవాళ్ల లెక్క 1977లో అచ్చయింది. హెచ్‌డీఎల్ ఎంత ఎక్కువుంటే గుండె జబ్బు అంత తక్కువ. తర్వాత ఎన్నో దేశాల్లో ఎన్నో లెక్కలు అదే చెప్పాయి. అలా ‘మంచి కొలెస్ట్రాల్’ అనే పేరు డాక్టర్ల నోటి నుంచి పేపర్లకి, పేపర్ల నుంచి నూనె డబ్బాల మీదికి వచ్చింది.

ఆ లెక్క అబద్ధం కాదు. ఇవాళ్టికీ హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నవాళ్లలో గుండె జబ్బులు ఎక్కువే. కానీ ఆ లెక్క నుంచి ఒక అడుగు ముందుకేసి, ‘అయితే దాన్ని పెంచితే జబ్బు తగ్గుతుంది’ అనుకున్నారు. ఆ అడుగు దగ్గరే కథ అడ్డం తిరిగింది.

లిమోనే ఊరి మనిషి

అడ్డం తిరగబోతోందని ముందే ఒక ఊరు చెప్పింది. ఇటలీలో గార్దా సరస్సు ఒడ్డున లిమోనే అని ఊరుంది. 1930ల్లో రోడ్డు పడేదాకా పడవ మీదే రాకపోకలు. 1970ల్లో ఆ ఊరి నుంచి బతుకుదెరువుకి మిలాన్ వచ్చిన ఒక రైల్వే ఉద్యోగిని డాక్టర్లు పరీక్షించారు. హెచ్‌డీఎల్ చాలా తక్కువ, ఇంకో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ. పుస్తకం ప్రకారం గుండె పాడైపోయి ఉండాలి. రక్తనాళాలు మాత్రం బాగున్నాయి. సెజారే సిర్తోరి బృందం ఊరంతా పరీక్షిస్తే అలాంటివాళ్లు నలభై మంది దాకా తేలారు. అందరూ 18వ శతాబ్దంలో పెళ్లయిన ఒకే జంట వారసులు. వాళ్ల చాసిస్‌లో, అంటే అపో ఏ-వన్‌లో, ఒక చిన్న మార్పు ఉంది. దానికి 1980లో ‘అపో ఏ-వన్ మిలానో’ అని పేరు పెట్టారు.

అంకె తక్కువ, గుండె భద్రం. బండ్ల లెక్కే సర్వస్వం అయితే ఇది జరగకూడదు కదా.

2006 డిసెంబర్ 2

జపాన్‌లో కొన్ని కుటుంబాల్లో ఆ అడ్డదారి ప్రోటీన్ సీఈటీపీ పుట్టుకతోనే లేదని, వాళ్ల హెచ్‌డీఎల్ చాలా ఎక్కువ ఉంటోందని 1990 ప్రాంతంలో తేలింది. అయితే సీఈటీపీని మందుతో ఆపేద్దాం, హెచ్‌డీఎల్ పెరుగుతుంది అనుకున్నాయి మందుల కంపెనీలు. ఫైజర్ టార్సెట్రాపిబ్ అనే మందు చేసింది. హెచ్‌డీఎల్ 72 శాతం పెరిగింది. ఎల్‌డీఎల్ 25 శాతం తగ్గింది. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి?

15,000 మందికి పైగా రోగుల మీద పరీక్ష పెట్టారు. 2006 డిసెంబర్ 2న దాన్ని అర్ధాంతరంగా ఆపేశారు. మందు తీసుకున్నవాళ్లలో 82 మంది చనిపోయారు, తీసుకోనివాళ్లలో 51 మంది. ఆ మందు బీపీని, ఇంకో హార్మోన్‌ని కూడా పెంచిందని తర్వాత తేలింది. సరే, ఆ మందు చెడ్డది, ఆలోచన మంచిదే అనుకుని దాని చుట్టం లాంటి డాల్సెట్రాపిబ్‌ని పరీక్షించారు. హెచ్‌డీఎల్ 30 శాతం దాకా పెరిగింది, హాని లేదు, లాభమూ లేదు. 2012లో ఆపేశారు.

నయాసిన్ అనే బీ విటమిన్ సంగతి మనకి ఇంకా దగ్గరది, ఎందుకంటే అలాంటివి డబ్బాల్లో అమ్ముతారు. పెద్ద మోతాదులో అది హెచ్‌డీఎల్‌ని నిజంగానే పెంచుతుంది. స్టాటిన్ మందు వాడుతున్నవాళ్లకి నయాసిన్ కలిపి ఇచ్చిన ఒక పరీక్షని లాభం లేదని 2011లో ఆపేశారు. 25,673 మంది మీద జరిగిన రెండో పరీక్షలోనూ గుండెకి లాభం కనిపించలేదు, సైడ్ ఎఫెక్టులు మాత్రం ఎక్కువయ్యాయి. క్యాప్సూల్స్ డబ్బా గురించి అడిగిన అన్నకి నా జవాబు ఇదే. వేల మంది మీద, డాక్టర్ల కళ్ల ముందు పరీక్షించిన మందులే హెచ్‌డీఎల్ పెంచి గుండెని కాపాడలేకపోయాయి. క్యాంపు గేటు బయట పేరూ ఊరూ లేని డబ్బా కాపాడుతుందని ఇంటికి పంపే డబ్బు ఖర్చు పెట్టకండి.

అంకె ఎందుకు మోసం చేసింది

మనం సైట్‌కి పోయే బస్సులో కూర్చుని పొద్దున్న ఆరింటికి రోడ్డు మీద చెత్త బండ్లని లెక్కపెట్టామనుకోండి. ఇరవై కనిపించాయి. ఊరు శుభ్రంగా ఉన్నట్టేనా? బండ్లు ఎక్కువ ఉండి బాగా ఎత్తుతుండొచ్చు. లేదా డంపింగ్ యార్డు గేటు మూసేస్తే, దించలేక రోడ్డు మీదే క్యూ కట్టి ఉండొచ్చు. బస్సు కిటికీలోంచి రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

రిపోర్టులో హెచ్‌డీఎల్ అంకె అలాంటి ఫొటో. రక్తం తీసిన ఆ నిమిషంలో ఆ బండ్లలో ఉన్న కొలెస్ట్రాల్ ఎంతో చెప్తుంది. ఎక్కడ ఎక్కించారో, ఎన్ని ట్రిప్పులు తిరిగాయో, దించారో లేదో చెప్పదు. పైగా ఆ సరుకులో ఎక్కువ భాగం కాలేయం, పేగు నుంచి ఎక్కిందే. గుండె రక్తనాళం గోడలోని నురగ కణాల నుంచి ఎక్కింది చాలా చిన్న వాటా. గుండెకి ముఖ్యమైనది ఆ చిన్న వాటాయే.

యార్డు గేటు మూసిన కేసు ఊహ కాదు, నిజంగానే దొరికింది. కాలేయం మీది ఎస్‌ఆర్-బీ1 తలుపు పుట్టుకతో పనిచేయనివాళ్లని 2016లో గుర్తించారు. వాళ్ల హెచ్‌డీఎల్ బాగా ఎక్కువ, గుండె జబ్బు ముప్పు కూడా ఎక్కువే. దానికి ముందు 2012లో, పుట్టుకతోనే హెచ్‌డీఎల్ కొంచెం ఎక్కువుండే జన్యువు ఉన్నవాళ్లని లెక్కేస్తే గుండెపోట్లు ఏమీ తగ్గలేదు. డెన్మార్క్‌లో లక్ష మందికి పైగా చూసిన లెక్కలో, హెచ్‌డీఎల్ మరీ ఎక్కువున్నవాళ్లలో మరణాలు పెరిగినట్టు 2017లో రాశారు. అందుకని డెబ్బై ఉంది, సిగరెట్ తాగొచ్చా అని అడిగిన అన్నా, ఆ డెబ్బై మీకు లైసెన్సు కాదు. పొగ రక్తనాళం గోడని నేరుగా పాడు చేస్తుంది. బండ్లు ఎన్ని ఉన్నా ఆ గోడ బాగుపడదు.

మరి దారి అబద్ధమా? కాదు. 2014లో అమెరికాలోని డాలస్‌లో 2,924 మంది రక్తం తీసుకుని, బండ్లని లెక్కపెట్టడం మానేసి పనిని కొలిచారు. ప్రయోగశాలలో నురగ కణాల లాంటివి పెంచి, ఎవరి హెచ్‌డీఎల్ వాటి నుంచి ఎంత కొలెస్ట్రాల్ ఎత్తుతోందో చూశారు. బాగా ఎత్తేవాళ్లకి, ఎత్తలేనివాళ్లతో పోలిస్తే గుండె జబ్బు ముప్పు 67 శాతం తక్కువ. గ్లామ్‌సెట్ గీసిన రోడ్డు నిజమే. మనం కొలుస్తున్నది రోడ్డు మీది పనిని కాదు, అంతే. ఆ పరీక్ష ఇంకా మామూలు ల్యాబుల్లో లేదు. దాని మీద ఆధారపడి మందు చేయడమూ ఇంకా కుదరలేదు. అపో ఏ-వన్‌నే సెలైన్‌లా ఎక్కించిన పరీక్ష 18,000 మందికి పైగా రోగుల మీద జరిగి, 2024లో ఫలితం వచ్చింది. గుండెపోట్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

మనకి దీంతో పనేంటి

2004లో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనం గుండెపోటుకి కారణాలు వెతికింది. అందులో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక మనుషుల లెక్కని 2007లో విడిగా ఇచ్చారు. మన క్యాంపుల్లో పక్క పక్క మంచాల మీద పడుకునేది ఈ ఐదు దేశాలవాళ్లమే కదా. మొదటి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు మిగతా ప్రపంచంలో 58.8 ఏళ్లు, మనవాళ్లలో 53. దాదాపు ఆరేళ్లు ముందు. ఇంటికి డబ్బు పంపే వయసులోనే.

అందుకే తప్పు అంకె వెంట పడి టైమ్ పోగొట్టుకోకూడదు అంటున్నాను. హెచ్‌డీఎల్ తక్కువ ఉందన్న తమ్ముడికి చెప్పేది ఒకటే. అది భయపడాల్సిన అంకె కాదు, అలాగని వదిలేసే అంకే కాదు. అది ఎక్కువగా పెరిగిన పొట్టతో, షుగరుతో, ట్రైగ్లిజరైడ్స్‌తో, పొగతో కలిసి వస్తుంది. ఆ అంకెని పెంచే తిండి కోసం వెతకడం ఆపి, దాని పక్కన ఏమున్నాయో చూపించుకోండి. బీపీ ఎంత, షుగర్ ఎంత, ఎల్‌డీఎల్ ఎంత అని డాక్టర్‌ని అడగండి. నడక, వ్యాయామం హెచ్‌డీఎల్‌ని పెంచేది కొంచెమే అయినా బీపీకి, షుగర్‌కి చాలా మేలు చేస్తాయి.

డెలివరీ వ్యాన్లని, అంటే ఎల్‌డీఎల్‌ని తగ్గించడం విషయంలో చరిత్ర ఇంకోలా నడిచింది. 1973లో జపాన్‌లో అకీరా ఎండో ఒక బూజులోంచి మొదటి స్టాటిన్‌ని పట్టుకున్నాడు. 1994లో స్వీడన్, నార్వే లాంటి దేశాల్లో 4,444 మంది గుండె రోగుల మీద జరిగిన పరీక్షలో స్టాటిన్ మరణాలని 30 శాతం తగ్గించింది. గోడలోకి సరుకు చేరడం తగ్గితే, ఎత్తాల్సిన చెత్తా తగ్గుతుంది. అందుకే డాక్టర్ రాసిన స్టాటిన్ గోళీలు సెలవుకి ఊరెళ్లినప్పుడు, కొత్త కంపెనీకి మారినప్పుడు, డాక్టర్‌ని అడక్కుండా మానేయకండి. ఊరెళ్లే ముందు సరిపడా తీసిపెట్టుకోండి. మందు పేరు కాగితం మీద రాయించుకోండి, అక్కడి మెడికల్ షాపువాళ్లకి చూపించొచ్చు.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కారణం లేని చెమట వస్తే గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకోకండి. పక్క మంచం మనిషిని లేపి అంబులెన్స్ పిలిపించండి. అతను ఏ దేశంవాడైనా సరే.

వచ్చే శుక్రవారం ఎపిసోడ్ అకీరా ఎండో గురించే. బియ్యం వ్యాపారం చేసే కంపెనీలో కాదు, మందుల కంపెనీలో కూర్చుని ఆయన ఆరు వేల రకాల బూజుల్ని ఎందుకు వెతికాడో చెప్తాను. మీ రిపోర్టుల్లో అర్థం కాని లైన్లుంటే పేరు, పాస్‌పోర్టు నంబరు చేత్తో మూసి ఫొటో పంపండి. వైద్యం నేను చెప్పలేను. ఆ లైను వెనక కథ మాత్రం వెతికి పెడతాను.